మెతుకు పట్టి చూస్తే చాలదు

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. ఆ మాట అన్నవాళ్ళెవరో ఇంట్లో నలుగురికి వండుకున్నవాళ్ళే అయ్యుంటారు. యాభై మందికి వండే గుండిగలో పైన మెతుకు ఇంకా పలుకుగా ఉండగానే అడుగున మాడు పట్టడం మొదలవుతుంది. మధ్యలోంచి ఒకటి, అంచు నుంచి ఒకటి, గంటె లోపలికి దించి అడుగు నుంచి ఒకటి, మూడు మెతుకులు చూడాలి. మా బడిలో నా వంట పాఠం ఈ మూడు మెతుకులతో మొదలవుతుంది.

నేను వంటమాస్టర్ కొడుకుని. మా నాయన కదిరి చుట్టుపక్కల పల్లెల్లో పెళ్ళిళ్ళకూ దినాలకూ వండేవాడు. పదో తరగతి లెక్కల్లో నేను మొదటిసారి తప్పిన ఎండాకాలం, 'ఊరికే కూర్చుంటే ఎట్లా' అని నన్ను వెంట తిప్పుకున్నాడు. ఐదొందల మందికి బియ్యం ఎంత, కందిబేడలు ఎంత, చింతపండు ఎంత అని పెళ్ళివాళ్ళు అడిగితే అరుగు మీద కూర్చుని నోటితోనే చెప్పేసేవాడు. ఆయనకు సంతకం తప్ప రాయడం రాదు. అన్నం చాలక ఆయన తల దించుకోవడం నేను చూడలేదు. ఇంట్లో లెక్కలు తప్పినవాణ్ణి నేనొక్కణ్ణే.

తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా హాస్టల్ మెస్సుల్లో, ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వండాను. తొమ్మిదేళ్ళ క్రితం, కొండ కింద చెనిక్కాయ చేల మధ్య ఉండే ఒక చిన్న బడి వాళ్ళు 'మా పిల్లలకు వంట నేర్పుతావా' అని పిలిచారు. వంట చెయ్యమనడం లేదు, నేర్పమంటున్నారు అని అర్థం కావడానికి నాకు రెండు రోజులు పట్టింది. బడిలో 43 మంది పిల్లలు, ఏడుగురు పెద్దలం. తరగతులకు గోడలు లేవు, ర్యాంకులు లేవు. పదో తరగతికి వచ్చినవాళ్ళు ఓపెన్ స్కూల్ పరీక్ష రాస్తారు. సార్, మేడం అనే పిలుపులు కూడా లేవు. అందరూ అన్నలూ అక్కలే. యాభై నాలుగేళ్ళ నన్ను ఎనిమిదేళ్ళ పిల్ల 'అన్నా' అంటుంది. మొదట్లో నవ్వొచ్చేది.

వారంలో ఐదు రోజులు ఇద్దరు వంట అక్కలు వండుతారు, పిల్లలు వంతులవారీగా సాయం చేస్తారు. శనివారం మాత్రం పదకొండేళ్ళు దాటిన నలుగురు పిల్లల చేతికి వంటిల్లు పూర్తిగా వస్తుంది. ఏం వండాలి, ఎంత తేవాలి, ఎంత ఖర్చవుతుంది, ఎవరు ఏ పని చెయ్యాలి అన్నీ వాళ్ళే శుక్రవారం సాయంత్రానికి రాసి తెస్తారు. పన్నెండున్నరకు గంట కొడతారు. అప్పటికి అన్నం సిద్ధంగా ఉండాలి. వండినవాళ్ళు చివర తినాలి. ఈ ఆఖరి నియమం ఒక్కటి నేను పెట్టింది, మా నాయన దగ్గర తెచ్చుకున్నది.

కొలతల దగ్గర నాకే పాఠం జరిగింది. మా నాయన కొలత 'మనిషికి మూడు పిడికిళ్ళు'. నేనూ అదే చెప్పుకుంటూ వచ్చాను. మూడో ఏడు అనుకుంటా, ఒక పన్నెండేళ్ళ పిల్ల చెయ్యెత్తి, "ఎవరి పిడికిలి అన్నా?" అంది. నా దగ్గర జవాబు లేదు. తూకం యంత్రం తెచ్చి అందరం పిడికిళ్ళు తూచాం. నాది 51 గ్రాములు, ఆ పిల్లది 29, మాలో అందరికంటే పొడుగు కుర్రాడిది 44. ఒకే చెయ్యి మూడుసార్లు తూస్తే మూడు రకాలుగా వచ్చింది. పిడికిలి బిగించి తియ్యాలా, వేళ్ళు వదులుగా పెట్టి తియ్యాలా అని గంటసేపు పోట్లాట. సగటు అన్న మాటకు అర్థం ఆ రోజు వాళ్ళకు బియ్యం గింజల్లో దొరికింది.

అప్పుడు లెక్కల అక్క సర్కారు బడుల మధ్యాహ్న భోజనం కొలతలు బోర్డు మీద రాసింది. ఐదో తరగతి వరకు పిల్లకు రోజుకు బియ్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50, నూనె 5. ఆరు నుంచి ఎనిమిది వరకు బియ్యం 150, పప్పు 30, కూరగాయలు 75, నూనె ఏడున్నర గ్రాములు. నా పిడికిలితో మూడు అంటే 153. మా నాయన ఏ జీవో చదివి ఆ మాట అన్నాడో మరి.

ఇక సంగటి. మా సీమ పిల్లలకు సంగటి కొత్త కాదు, రోజూ తినేదే. కానీ తినే నోటికీ కెలికే చేతికీ మధ్య ఎంత దూరం ఉందో మొదటి శనివారమే తెలిసిపోతుంది. బియ్యం మెత్తగా, నీళ్ళు కాస్త మిగిలేలా ఉడకాలి. రాగిపిండి ఆ ఉడుకు మీద గుట్టగా పొయ్యాలి. పోసి కలపకూడదు. కట్టెతో గుట్ట మధ్యలో అడుగు దాకా బొక్క పొడిచి, మూతపెట్టి, మంట తగ్గించి పక్కన కూర్చోవాలి. ఈ కూర్చోవడమే పిల్లల వల్ల కాదు. పిండి కనబడగానే చెయ్యి ఊరుకోదు. ఒకసారి నేను వద్దన్నా వినకుండా నలుగురూ వెంటనే కెలికేశారు. సంగటి నిండా చెనిక్కాయ గింజంత, నిమ్మకాయంత గడ్డలు. నేను తిట్టలేదు. ఒక గడ్డ పళ్ళెంలో పెట్టి కత్తితో రెండుగా కోశాను. చుట్టూ నల్లగా, నిగనిగలాడే పొర. లోపల పొడిపొడిగా, బూడిద రంగు పచ్చి పిండి. ఒక పిల్లాడు వేలితో ముట్టుకుని ఊదాడు. పిండి ఎగిరింది.

"ఉడుకునీళ్ళలో ఉన్న పిండి తడవకుండా ఎట్లా ఉంది?" అని వాళ్ళే అడిగారు. వేడినీళ్ళు తగిలిన వెంటనే పైన పిండి బంకలా అయి ఒక తొడుగు కట్టేస్తుంది, ఆ తొడుగు దాటి నీళ్ళు లోపలికి పోలేవు. కలపకుండా వదిలి బొక్క పెడితే, అడుగు నుంచి వచ్చే ఆవిరి ఆ బొక్కలోంచి పైకి పోతూ గుట్టనంతా మెల్లగా వేడి చేస్తుంది, పిండి సగం ఉడికాక కెలికితే గడ్డ కట్టడానికి పచ్చి పిండే ఉండదు. మా అవ్వకు ఈ కారణం తెలియదు, బొక్క మాత్రం తప్పకుండా పొడిచేది. కెలికేటప్పుడు గుండిగను ఇద్దరు మసిగుడ్డలతో పట్టుకోవాలి, ఒకరు కట్టె రెండు చేతులా పట్టి గోడకేసి నొక్కుతూ తిప్పాలి. తడి చేత్తో తాకినప్పుడు అంటకపోతే దించొచ్చు. దాంట్లోకి ఊరుబిండి. వేయించిన చెనిక్కాయ గింజలు, మిరపకాయలు, టమోటా, చింతపండు, తెల్లగడ్డ రోట్లో కచ్చాపచ్చాగా దంచాలి. మిక్సీ ఉంది మాకు. శనివారం దాని ప్లగ్గు తీసేస్తాం. అది నా మొండితనం, దానికి పెద్ద సిద్ధాంతమేమీ లేదు. రోలు చప్పుడు నాకు ఇష్టం.

పప్పు ఉడకని కథ ఇంకొకటి. మా బోరునీళ్ళు గట్టివి, సబ్బు నురగ రాదు. కందిబేడలు గంటన్నర ఉడికినా పలుకు పలుకుగానే ఉంటాయి. బేడలు మంచివి కావని పిల్లలు అంగడాయన మీద నెపం పెట్టారు. మూడు గిన్నెల్లో ఒకే కొలత బేడలు పోయించాను. ఒకదాంట్లో బోరునీళ్ళు, ఒకదాంట్లో పట్టి ఉంచిన వాననీళ్ళు, మూడోదాంట్లో వాననీళ్ళతో పాటు మొదట్లోనే చింతపండు పులుసు. గడియారం చూస్తూ పది నిమిషాలకొకసారి ఒక బేడ తీసి వేళ్ళ మధ్య నలిపి రాసుకున్నారు. వాననీళ్ళ పప్పు ముందు మెత్తబడింది. చింతపండు వేసిన గిన్నె అన్నిటికంటే మొండికేసింది. గింజలో కణాలను పట్టి ఉంచే జిగురు ఒకటుంటుంది. నీళ్ళలో సున్నం ఎక్కువైతే ఆ జిగురు ఇంకా బిగుస్తుంది, పులుపు తగిలినా కరగనని కూర్చుంటుంది. పప్పు మెత్తబడ్డాకే చింతపండు పొయ్యాలని ప్రతి ఇంట్లోనూ చెప్తారు, ఎందుకో ఎవరూ చెప్పరు. ఆ సాయంత్రం ఒక పిల్లాడు అంగడికి పోయి 'మామా, తప్పు మీ బేడలది కాదు' అని చెప్పొచ్చాడట.

ఇంత బాగా జరుగుతుంటే తల్లిదండ్రులు సంతోషపడి ఉంటారని మీరు అనుకోవచ్చు. మొదటి ఏడు ఒక తండ్రి బండి దిగకుండానే అడిగాడు: "మా పిల్లోణ్ణి గంటె పట్టుకునేదానికా సార్ ఇంత దూరం పంపింది?" దానికి నా దగ్గర జవాబుంది. నాలుగు రోజుల తర్వాత ఒక తల్లి వచ్చింది. "మా పాప ఇంట్లో పొద్దున సద్ది కడుతుంది, రాత్రికి చేస్తుంది. ఈడన్నా దాన్ని కాసేపు కూర్చోనియ్యండి సామీ." దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ పూర్తిగా లేదు.

ఆమె మాట విన్నాక పద్ధతి కొంచెం మార్చాను. ఇంట్లో ఇప్పటికే వండుతున్న ఆడపిల్లలకు మొదటి నెల పొయ్యి దగ్గర పని లేదు. వాళ్ళు బజారుకు పోతారు, బేరం చేస్తారు, చిట్టా రాస్తారు, నలుగురికీ పని పంచుతారు, అంటే వంటమాస్టర్లవుతారు. మగపిల్లలు మొదటి నెల అంట్లు తోముతారు. అడుగంటిన గుండిగను నానబెట్టి, బూడిదా పీచూ పెట్టి రుద్దినవాడు తర్వాత మంట విషయంలో చాలా జాగ్రత్తగా ఉంటాడు. జపాన్ బడుల్లో వంట, కుట్టు లాంటి ఇంటిపనుల పాఠం ఒకప్పుడు పైతరగతుల్లో ఆడపిల్లలదే. 1993లో మిడిల్ స్కూళ్ళలో, 1994లో హైస్కూళ్ళలో దాన్ని మగపిల్లలకూ తప్పనిసరి చేశారు. మన 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచి లేకుండా పనివాళ్ళ దగ్గర నేర్చుకోమంది. వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు, కళాకారులు అని పేర్లు రాసి 'మొదలైనవారు' అని ముగించారు. వంటవాళ్ళం ఆ 'మొదలైనవారు'లో ఉన్నామనుకుంటాను.

బజారు కూడా పాఠమే. 2023 జులైలో మదనపల్లె మార్కెట్‌లో టమోటా కిలో వంద దాటి పోతున్నప్పుడు మా నలుగురు మామూలు చీటీ పట్టుకుని పోయి ఒట్టి సంచితో తిరిగొచ్చారు. అదే టమోటాను రేటు లేక రైతులు రోడ్డు మీద పారబోసిన రోజులు ఆ పిల్లలకు గుర్తే, కొందరి ఇళ్ళలో పండించేది టమోటానే. ఆ శనివారం వంట పక్కనపడి, టమోటా ధర ఎవరు పెడతారనే దాని మీద పెద్ద చర్చ నడిచింది. చివరకు చింతపండు చారుతో గడిపాం.

వంటను చదువులో కలపడం మా బడి కనిపెట్టింది కాదు. 1910లో జొహానెస్‌బర్గ్ దగ్గర హెర్మన్ కాలెన్‌బాఖ్ ఇచ్చిన 1,100 ఎకరాల్లో గాంధీ టాల్‌స్టాయ్ ఫార్మ్ పెట్టినప్పుడు అక్కడ చేరిన సత్యాగ్రహుల కుటుంబాల్లో గుజరాతీలు, తమిళులు, ఉత్తరాదివాళ్ళతో పాటు మన ఆంధ్రులు కూడా ఉన్నారని ఆయనే రాశాడు. హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు, పార్సీలు అందరికీ ఒకటే వంటిల్లు, ఒకటే బంతి. ఎవరి పళ్ళెం వాళ్ళు కడుక్కోవాలి, పెద్ద గిన్నెలు వంతులవారీగా తోమాలి. పిల్లలకు అక్కడే బడి. 1937 అక్టోబర్ 22, 23 తేదీల్లో వార్ధా సమావేశంలో ఆయన చేతిపని మీద నిలబడే 'నయీ తాలీం' చదువును దేశం ముందు పెట్టాడు. పాఠ్యప్రణాళిక రాయడానికి జాకీర్ హుసేన్ అధ్యక్షతన కమిటీ వేశారు. సిలోన్ నుంచి వచ్చిన ఆర్యనాయకం, ఆయన భార్య ఆశాదేవి సేవాగ్రామ్‌లో ఆ నయీ తాలీం బడిని నడిపారు. అందరూ రాట్నం గురించే చెప్తారు గానీ, అక్కడ తోట, వంటిల్లు, పాయిఖానాల శుభ్రత కూడా చదువులోవే. మధ్యలో ఆగిపోయిన ఆ బడి 2005లో ఆనంద్ నికేతన్ పేరుతో మళ్ళీ మొదలైంది.

ఒకటే వంటిల్లు అని రాయడం తేలిక. మా దగ్గర రెండో ఏడు ఒక పిల్లాడు శనివారాలు మాత్రం ఇంటి నుంచి క్యారియర్ తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. కడుపునొప్పి అన్నాడు. కడుపునొప్పి ఒక జట్టు వండే వారమే వస్తోందని గమనించడానికి నాకు నెల పట్టింది, పిల్లలకు పట్టలేదు. ఆ జట్టులో ఒక పిల్ల నన్ను పక్కకు పిలిచి, "నన్ను వేరే జట్టులోకి మార్చన్నా, వాడు తింటాడు" అంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో బాధ కూడా లేదు, కూరలో ఉప్పు సరిచేసినట్టు చెప్పింది. నేను మార్చలేదు. అందరం కూర్చుని మాట్లాడుకున్నాం, వాళ్ళింటికి పోయొచ్చాం. వాడు రెండు శనివారాలు తిన్నాడు. మరుసటి ఏడు వాళ్ళ నాయన వాణ్ణి వేరే బడిలో చేర్పించాడు. మేం గెలిచామా ఓడామా అంటే, వాడు నాకిష్టమైన పిల్లాడు, వాడు లేడు.

ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2001 నవంబర్ 28న సర్కారు బడుల్లో వండిన అన్నమే పెట్టమంది. 2004 ఏప్రిల్ 20న మరో మాట చేర్చింది: వంటవాళ్ళనూ సహాయకులనూ పెట్టుకునేటప్పుడు దళితులకు, ఆదివాసీలకు ముందు అవకాశం ఇవ్వాలని. ఎవరి చేతి అన్నం ఎవరు తింటారన్నది ఈ దేశంలో ఎంత పెద్ద ప్రశ్నో జడ్జీలకు తెలుసు కాబట్టే ఆ వాక్యం వచ్చింది. మా పెద్ద పిల్లలు ఆ ఉత్తర్వును తెలుగులో రాసి వంటింటి గోడకు అంటించారు. నూనె మరకలు పడి ఇప్పుడు సగమే కనిపిస్తుంది.

గోడ మీద ఒక తేదీ కూడా ఉంటుంది. జులై 16. 2004లో ఆ రోజు కుంభకోణం బడిలో వంటశాల నుంచి లేచిన మంటలకు 94 మంది పిల్లలు చనిపోయారు. 2013లో సరిగ్గా అదే తేదీన బీహార్‌లోని గండామన్ ఊళ్ళో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసిందని పరీక్షల్లో తేలింది. ఇళ్ళల్లో చెనిక్కాయ చేనుకు మందు కొట్టడం చూస్తూ పెరిగిన పిల్లలకు ఆ పేరు విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఏటా ఆ తేదీన మేం పొయ్యి వెలిగించం. పొద్దున చెనిక్కాయలు, అరటిపళ్ళు, నానబెట్టిన పెసలు. గ్యాసు ట్యూబు మీద తేదీ చూస్తారు, రెగ్యులేటర్‌కు సబ్బునురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూస్తారు, ఇసుక బకెట్టు నింపుతారు, తలుపుకు అడ్డంగా ఏమీ లేదని చూస్తారు. ప్రతి డబ్బా దించి, మూత తీసి, వాసన చూసి, పేరు చీటీ అంటిస్తారు. పురుగుమందు డబ్బా కడిగినా సరే, అందులో నీళ్ళు కూడా తేకూడదు. ఇళ్ళకు పోయి కూడా వెతుకుతారు. ఒక ఏడు ఒక పిల్ల వాళ్ళింట్లో కిరసనాయిలు కోసం వాడుతున్న మందు డబ్బా పట్టుకొచ్చింది. మిగతా రోజుల్లో గంట కొట్టడానికి అరగంట ముందు నేనో, ఇంకో పెద్దో ముందు తిని చూస్తాం. పిల్లలకు ఇది రుచి చూడ్డం అనిపిస్తుంది, నాకు ఆ అరగంట ఎప్పుడూ పొడుగే.

తొమ్మిదేళ్ళలో గంట కొట్టేటప్పటికి అన్నం కాని శనివారాలు బోలెడు. ఒకసారైతే ఆరుగురికి చాలలేదు. ఆ ఆరుగురిలో నలుగురు వండినవాళ్ళే. ఎవరూ నన్ను చూడలేదు. ఒకమ్మాయి లేచి బొరుగులు నీళ్ళలో ముంచి పిండింది, ఇంకొకరు ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయ తరిగారు, తిరువాతలో పసుపు పడింది, పైన పుట్నాల పొడి చల్లారు. పది నిమిషాల్లో ఉగ్గాని. నిలబడే తిన్నారు. అప్పటి నుంచి అలమరలో బొరుగుల డబ్బా ఖాళీ కాకుండా చూసుకుంటాను, వాళ్ళకు చెప్పను.

ఇవాళ శుక్రవారం. రేపటి జట్టు ఇందాకే చీటీ తెచ్చిచ్చింది. ఏడుగురు చిన్నపిల్లలు తిరునాళ్ళకు పోతున్నారు, మిగిలిన చిన్నవాళ్ళు 15 మంది, మనిషికి 100 గ్రాములు. పెద్దపిల్లలు 21, మేం ఏడుగురం, మనిషికి 150. మొత్తం బియ్యం 5 కిలోల 700 గ్రాములు. రెండుసార్లు కూడి చూశాను, లెక్కలో తప్పు లేదు. అయితే కింద కూర ఏమిటో రాసిన చోట గోంగూర పప్పు అని ఉంది. గోంగూర పప్పు రోజు మనిషికి నాలుగో పిడికిలి పడుతుందని మా నాయన అనేవాడు.

చీటీ మీద సంతకం పెట్టి ఇచ్చేశాను. వాళ్ళు అటు పోయాక బొరుగుల డబ్బా మూత తీసి చూశాను. సగానికి పైనే ఉన్నాయి.